బరువు ఎవరిది?

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒకరోజు ఫోను సమావేశం జరుగుతోంది. మా జట్టులో ఒకతను 'పుల్లింగ్ హిజ్ వెయిట్' చేయడం లేదని పై అధికారి అన్నారు. పుల్ అంటే లాగడం, వెయిట్ అంటే బరువు. బరువు లాగలేకపోతున్నాడంటే పని మీదపడి అలసిపోయాడని అనుకున్నాను. "పాపం, ఆయన పని కొంత నేను తీసుకుంటానండీ" అన్నాను. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తరువాత పక్క సీటు అక్క నెమ్మదిగా చెప్పింది: "అతను పని ఎగ్గొడుతున్నాడని ఆయన అన్నది."

మనసుకు చాలా కష్టమనిపించింది. విజయవాడలో తెలుగు బడిలో చదివి, వ్యాకరణం తప్పకుండా ఇంగ్లీషు రాయగలిగేదాన్ని. కానీ ఇలాంటి మాటలు వ్యాకరణంతో లొంగవు.

నిఘంటువులో 'తన వంతు పని చేయడం' అని ఉంది. రాసుకున్నాను, అయినా నిలవలేదు. అధికారం చెలాయించడాన్ని కూడా ఇంగ్లీషువాళ్లు వెయిట్ తోనే చెబుతారు, 'త్రోయింగ్ హిజ్ వెయిట్ అరౌండ్' అని. వారం తిరగకుండానే ఒక ఉత్తరంలో రెండూ కలిపేశాను.

ఆ మాట పుట్టుక తెలిశాకే నాకు పట్టు దొరికింది. అది తెడ్ల పడవల పందేల నుంచి వచ్చింది. పడవలో కూర్చున్న ప్రతివాడి ఒళ్లూ పడవకు బరువే. ఆ బరువుకు తగినంత బలంగా తెడ్డు లాగకపోతే, మిగతావాళ్లు వాణ్ణి కూడా మోసుకుపోవాలి. 1902లో అమెరికా అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్, మంచి పౌరుడికి ముందుగా ఉండాల్సిన లక్షణం తన బరువు తాను లాగడమేనని ఒక ప్రసంగంలో అన్నారు. అంటే ఆ బరువు పనిది కాదు, మనిషిది. నేను పొరబడింది సరిగ్గా అక్కడే. ఇక మై, హిజ్, దెయిర్ ఎక్కడ మార్చాలన్నది నాలుగు వాక్యాలు రాసేసరికి వచ్చేసింది. చేయని వాళ్ల గురించి చెప్పేటప్పుడే ఈ మాట ఎక్కువగా వినిపిస్తుందని కూడా గమనించాను.

మన 'వంతు'లో పని సమానంగా పంచినట్టు ఉంటుంది. ఈ మాటలో ఎవరి ఒంటికి తగ్గది వారిదే. నాకు ఇదే ఎక్కువ నచ్చింది.

మొన్న వేసవిలో పటమట రైతుబజారు నుంచి యాభై కాయలు తెచ్చి ఆవకాయకు కూర్చున్నాం. బాబాయి కత్తిపీట మీద టెంకతో సహా కొడుతున్నాడు. పిల్లలు జీడి తీసి, లోపలి పొర గీకి, పొడిగుడ్డతో ముక్క ముక్కా తుడుస్తున్నారు. అమ్మా పిన్నీ కారం, ఆవపిండి కొలుస్తున్నారు. అమ్మమ్మ గోడకు ఆనుకుని వెల్లుల్లి వలుస్తోంది. గంటకు ఒక గిన్నె కూడా నిండలేదు.

"నేను చేసిందేముందే, నాలుగు రెబ్బలు వలిచాను" అంది.

పక్కన కూర్చుని ఆ ఇంగ్లీషు మాట చెప్పి, పడవ సంగతి కూడా చెప్పాను. అమ్మమ్మ శ్రద్ధగా విని, చాటలో మిగిలిన పాయలు తన వైపు లాక్కుంది.