గ్యారేజీ డిజైన్: రెండు తలుపుల పక్కన చాలని రెండంగుళాలు

ముందు గోడ ఈసారీ కుదరలేదు. కప్పు, చూరు, కిటికీలు దారిన పడ్డాయి. తలుపుల పక్కన మిగిలే గోడ ముక్కే లొంగడం లేదు.

స్థలం అమెరికాలో కాలిఫోర్నియాలోని పసాదెనా నగరపు పేట, బంగళా హెవెన్. 1910ల నాటి క్రాఫ్ట్స్‌మన్ శైలి (చేతిపని చెక్క కనబడేలా కట్టే పద్ధతి) ఇంటి వెనక కొత్తగా రెండు కార్ల గ్యారేజీ. ఆ పేట 1989 నుంచి ల్యాండ్‌మార్క్ డిస్ట్రిక్ట్, అంటే పాత రూపం కాపాడాల్సిన ప్రాంతం. కొత్త కట్టడం పాతదానికి నకలు కానక్కర్లేదు, ఆకారంలో, వాలులో, కొలతల్లో నప్పితే చాలు.

తేలిపోయినవి: కప్పు వాలు ఇంటిదే, 4:12 (12 అంగుళాల అడ్డానికి 4 అంగుళాల ఎత్తు). గోడ 8 అడుగులు, కొప్పు 12 అడుగుల లోపు. చూరు 24 అంగుళాలు, వాసాల కొనలు బయటికి కనబడేలా. సరిహద్దు వైపు చూరు కంచెకు 3 అడుగుల దూరానికి వస్తోంది కాబట్టి నిప్పు భయానికి అక్కడ 2×6 అంగుళాల కొనలు చాలవు, హెవీ టింబర్ (మంటకు తొందరగా లొంగని లావు కలప) కింద లెక్కకొచ్చే 4×6 వేయాలి. చూడ్డానికీ అవే బాగున్నాయి.

ఇక అసలు గొడవ. బయటి వెడల్పు 20 అడుగులు, అంటే 240 అంగుళాలు. ఒకే 16 అడుగుల తలుపు పెడితే ముఖమంతా నోరే అన్నట్టుంటుంది. అందుకే 8 అడుగుల తలుపులు రెండు. ఒక్కో తలుపు 96 అంగుళాలు. ద్వారబంధం చెక్కలు అటూ ఇటూ ఒకటిన్నర చొప్పున కలిపితే కన్నం 99, రెండూ కలిసి 198. మిగిలింది 42. రెండు మూలలు, నడుమ స్తంభం, మూడింటికీ పంచితే తలా 14 అంగుళాలు.

భూకంపాల నేల అది. ముందు గోడలో కన్నాలే ఎక్కువ కాబట్టి పక్కకు తోసే బలాన్ని ఈ ముక్కలే మోయాలి. ఇంజనీరు లెక్కలు లేకుండా రెసిడెన్షియల్ కోడ్ (ఇళ్ల నిర్మాణ నిబంధనలు) ఒప్పుకునే పోర్టల్ ఫ్రేమ్‌కు, అంటే రెండు గోడ ముక్కలూ పైన దూలమూ కలిసి బిగిసిన చట్రానికి, ఈ ఎత్తు గోడలో ముక్క వెడల్పు కనీసం 16 అంగుళాలు ఉండాలి. ప్లైవుడ్ ఇంకో పొర కొడితే పోదా అనిపిస్తుంది. పోదు. సన్నగా పొడుగ్గా ఉన్న ముక్క చిరిగేకంటే ముందు అడుగున ఒక కొస పైకి లేస్తుంది. మేకులు ఎన్ని దిగ్గొట్టినా ఆ లేవడం ఆగదు. దాన్ని పట్టి ఉంచేది పునాదిలోకి దిగిన హోల్డ్‌డౌన్ (గోడను కిందికి పట్టే ఇనుప కొక్కెం), పైన దూలంతో పడిన బిగువు.

గ్యారేజీని 6 అంగుళాలు వెడల్పు చేస్తే లెక్క ముచ్చటగా కుదురుతుంది: 246లో 198 పోను 48, మూడు పదహార్లు. కానీ గోడ ఇప్పుడు సరిహద్దుకు సరిగ్గా 5 అడుగుల్లో ఉంది. నాలుగున్నరకు వచ్చిందంటే ఆ గోడంతా గంటసేపు మంటకు తట్టుకునేలా కట్టాలి. రెండోవైపు జరుపుదామంటే పునాది ఓక్ చెట్టు వేళ్ల మీదికి పోతుంది. పైగా నడుమ 16 అంగుళాల లావు స్తంభం మొన్నమొన్నటి సబర్బ్ ఇళ్లను గుర్తు చేస్తోంది. పాత గ్యారేజీల్లో అక్కడ సన్నటి చెక్క స్తంభమే ఉండేది.

16 అడుగుల తలుపు మీద ఉత్తుత్తి స్తంభం అంటించే ఉపాయం కూడా గీసి చూసిందే. మూలలకు 22.5 అంగుళాలు వస్తాయి, కోడ్‌కు పేచీ లేదు. కానీ 7 అడుగుల ఎత్తు సెక్షనల్ తలుపంటే (అడ్డ పలకలుగా పైకి జరిగేది) 21 అంగుళాల పలకలు నాలుగు. ఆ స్తంభాన్ని మూడు చోట్ల కోయాలి. వీధిలోంచి చూసినా ఆ గీతలు దాగవు.

సింప్సన్ స్ట్రాంగ్-టై కంపెనీ వాళ్లు గోడ ముక్కకు బదులుగా అమ్మే 12 అంగుళాల స్టీల్ ప్యానెల్ 14లో పడుతుంది. సరుకు మంచిదే. అయితే యాంకర్ బోల్టులు కాంక్రీటు పోసేటప్పుడే టెంప్లేట్‌తో నిలబెట్టాలి, కాస్త పక్కకు పోయినా ప్యానెల్ కూర్చోదు. ఇంజనీరు లెక్కలు ఎలాగూ తప్పవు.

ఇప్పుడు నమ్మకం పెట్టుకున్నది వేరే దారి. మూలలకు చెరో 16 ఇచ్చేసి, నడుమ మిగిలిన 10 అంగుళాలను బ్రేసింగ్ (పక్క తోపును ఆపే గోడల) లెక్కలోంచి తీసేయడం. అప్పుడు మూల నుంచి మూలకు ఒకటే పోర్టల్, లోపలి దూరం 208 అంగుళాలు, అంటే 17 అడుగుల 4 అంగుళాలు. కోడ్ హద్దు 18 అడుగులు. దూలం మాత్రం అతుకు లేకుండా మూలల మీదుగా పూర్తిగా సాగాలి. నడిమి స్తంభం దాన్ని కింద నుంచి ఆనుకుంటుంది, అంతే. మూలల 16 లావుగా అనిపించకుండా ఐదున్నర అంగుళాల కార్నర్ బోర్డు నిలువుగా కొట్టి, దాన్ని ముదురు రంగులో వదిలితే చాలు.

సైడింగ్‌కు, అంటే గోడ బయటి పలకలకు, హార్డీ కంపెనీ ఫైబర్ సిమెంట్, నున్నటిదే. చెక్క గీతలు అచ్చేసిన రకం పాత రెడ్‌వుడ్ పక్కన నకిలీ అని అరుస్తుంది. తలుపులకు క్లోపే కంపెనీ కోచ్‌మన్ రకం చూస్తున్నాను. పైవరసలో చిన్న అద్దాలు, కింద నిలువు పలకలు. ఉత్తుత్తి ఇనుప బందులు మాత్రం వద్దే వద్దు.

తర్వాత పని: ఈ పోర్టల్‌ను 1 అంగుళానికి 1 అడుగు స్కేలులో గీసి, నడిమి స్తంభాన్ని వదిలి లెక్క కట్టడానికి ఒప్పుకుంటారా అని ప్లాన్ చెక్‌లో (నగర అధికారులు నక్షా పరిశీలించే చోట) అడగడం. ఒప్పుకుంటే డ్రైవ్‌వే గడ్డి నడుమ రెండు కాంక్రీటు పట్టీలే. తలుపుల ముందు వాలు ఎంత, నీళ్లు ఎటు అన్నది అప్పుడు పట్టుకోవాలి.