పొక్లెయిన్ బకెట్ పిన్నుకి ఏ రాడ్డు?

"ఇది ఈఎన్8 రాడ్డే అన్నా, కళ్లు మూసుకుని వేసేయొచ్చు" అన్నాడు ఆటోనగర్ లేత్ షాపు కుర్రాడు, మూలనున్న తుక్కులోంచి లాగి. ఈఎన్8 అంటే మామూలు ఉక్కు కంటే కార్బన్ ఎక్కువున్న గట్టి ఉక్కు.

గ్రైండర్‌కి తాకించమన్నాను. రవ్వలు పొడుగ్గా గీతల్లా పోయాయి, పువ్వుల్లా చిట్లలేదు. ఉత్త ఎమ్మెస్, అంటే కార్బన్ తక్కువున్న మెత్తటి ఉక్కు! ఈఎన్8లో కార్బన్ 0.4 శాతం దాకా ఉంటుంది, రవ్వ చిట్లాల్సిందే.

మట్టి తవ్వే పాత పొక్లెయిన్‌కి బకెట్‌ని పట్టి ఉంచే పిన్ను మరి. ఇసుకకి అరగకూడదు, రాయి తగిలితే విరగకూడదు. అందుకే ఈఎన్8 తీసుకుని ఇండక్షన్ హార్డెనింగ్ (కరెంటు తీగచుట్టతో పైపొరని వేడిచేసి వెంటనే చల్లార్చడం) చేయించడం. పైపొర గట్టిపడుతుంది, లోపలి భాగం దెబ్బకి ఓర్చుకుంటుంది. లోపలిదాకా మొత్తం గట్టిగా చేయిస్తే పుటుక్కుమంటుంది.

ఈఎన్24 (నికెల్, క్రోమియం కలిపిన ఉక్కు) ఇంకా మేలే. కానీ ఈ ముసలి బండికి అంత ఖర్చు దండగ.

బుష్షు (పిన్ను తిరిగే గొట్టం) మాత్రం పిన్ను కంటే మెత్తగా ఉండాలన్నాను. అరిగితే అదే అరగనీ, మార్చడం తేలిక.