కోవిడ్ తగ్గినా జ్వరం తగ్గకపోతే: బ్రూసెల్లోసిస్ తోడైనప్పుడు మందుల లెక్క

కోవిడ్ జ్వరం మామూలుగా వారం పది రోజుల్లో దిగిపోతుంది. రెండు వారాలు దాటినా సాయంత్రమయ్యేసరికి ఒళ్లు కాలుతూ, రాత్రి దుప్పటి తడిసేంత చెమట పడుతూ, నడుము, తుంటి పట్టేస్తుంటే దాన్ని కోవిడ్ ఖాతాలో వేసెయ్యకూడదు. మేకలు, గొర్రెలు, పశువులతో పని చేశారా, అవి ఈనేటప్పుడు సాయం పట్టారా, కాచని పాలు తాగారా అని అడగాలి. అదీ గత రెండు నెలల సంగతి అడగాలి. పశువుల నుంచి మనుషులకు సోకే జబ్బు బ్రూసెల్లోసిస్, దాన్ని తెచ్చే బ్యాక్టీరియా బ్రూసెల్లా. అది ఒంట్లో చేరాక లక్షణాలు బయటపడటానికి సాధారణంగా రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది, ఒక్కోసారి ఇంకా ఆలస్యమవుతుంది.

రక్తపరీక్షలు ఇక్కడ పెద్దగా తేల్చవు. తెల్ల రక్తకణాలు తగ్గడం, సీఆర్‌పీ (ఒంట్లో వాపును చూపే పరీక్ష), కాలేయ ఎంజైములు పెరగడం రెండు జబ్బుల్లోనూ ఉంటాయి. వాసన పోవడం, ఆయాసం, ఆక్సిజన్ పడిపోవడం కోవిడ్ వైపు చూపిస్తే, ప్లీహం పెరగడం, తుంటి కీళ్ల నొప్పి, వృషణాల వాపు బ్రూసెల్లా వైపు చూపిస్తాయి. ఆర్‌టీ-పీసీఆర్ పాజిటివ్ రాగానే వెతకడం ఆపెయ్యడమే అసలు పొరపాటు.

యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందే బ్లడ్ కల్చర్‌కు (రక్తంలోని క్రిమిని ల్యాబ్‌లో పెంచి చూసే పరీక్ష) రక్తం తీయాలి. చీటీ మీద బ్రూసెల్లా అనుమానం అని తప్పకుండా రాయాలి, ఎందుకంటే ఈ క్రిమి గాల్లోంచి ల్యాబ్ సిబ్బందికే అంటుకుంటుంది. రక్తంలో యాంటీబాడీలు వెతికే రోజ్ బెంగాల్ పరీక్షతో వడపోసి, వాటి మోతాదు కొలిచే ట్యూబ్ అగ్లూటినేషన్‌లో టైటర్ (ఎంత పలుచన చేసినా పాజిటివ్ వస్తుందో ఆ లెక్క) 1:160 లేదా పైన ఉండి లక్షణాలు కూడా సరిపోతే చికిత్సకు దిగొచ్చు. యాంటీబాడీలు మరీ ఎక్కువైతే తక్కువ పలుచనల్లో ఫలితం నెగెటివ్‌గా కనిపించే ప్రోజోన్ చిక్కు ఉంది. అనుమానం గట్టిగా ఉంటే ఇంకా పలుచన చేసి చూడమని అడగాలి.

కోవిడ్ పేరుతో ఐదు రోజులు డాక్సీసైక్లిన్ ఒక్కటే ఇవ్వడం కోవిడ్‌కు పనికిరాదు, బ్రూసెల్లాకు చాలదు. జ్వరం నాలుగు రోజులు దాక్కుంటుంది, కల్చర్‌లో క్రిమి పెరగదు, ఆ తర్వాత జబ్బు మళ్లీ లేస్తుంది. బ్రూసెల్లా కణాల లోపల నక్కి ఉంటుంది కాబట్టి రెండు మందులు, ఆరు వారాలు తప్పవు. పెద్దవారికి డాక్సీసైక్లిన్ 100 మి.గ్రా. రోజుకు రెండుసార్లు, దానికి తోడు రిఫాంపిసిన్ రోజుకు 600 నుంచి 900 మి.గ్రా. రిఫాంపిసిన్ బదులు జెంటామైసిన్ ఇంజెక్షన్ రోజుకు కిలో బరువుకు 5 మి.గ్రా. చొప్పున 7 నుంచి 10 రోజులు ఇవ్వొచ్చు, డాక్సీసైక్లిన్ మాత్రం ఆరు వారాలూ సాగాలి. వెన్నుపూసకు పాకితే కనీసం 12 వారాలు. గర్భిణులకు, ఎనిమిదేళ్ల లోపు పిల్లలకు మందుల జత వేరు.

కోవిడ్ మందులతో పేచీ పెట్టేది రిఫాంపిసిన్. అది కాలేయంలో మందుల్ని విరగ్గొట్టే ఎంజైముల్ని రెచ్చగొడుతుంది. కోవిడ్ వైరస్ మీద వాడే మాత్రలు నిర్మాట్రెల్విర్-రిటోనావిర్‌ను దానితో కలపనే కూడదు. ఇవాళ రిఫాంపిసిన్ ఆపి రేపు అది మొదలుపెడదామన్నా కుదరదు, ఆ ప్రభావం దాదాపు రెండు వారాలు ఉంటుంది. కోవిడ్‌లో ఇచ్చే స్టెరాయిడ్ డెక్సామెథసోన్ కూడా రక్తంలో తగ్గిపోతుంది. రివరోక్సాబాన్, అపిక్సాబాన్ లాంటి రక్తం పలుచన చేసే మాత్రలూ అంతే. హెపారిన్ ఇంజెక్షన్లకు ఆ బాధ లేదు. అందుకే ఆక్సిజన్ మీద ఉన్న రోగికి, కిడ్నీలు బాగుంటే, మా ఓటు డాక్సీసైక్లిన్-జెంటామైసిన్ జతకే. జెంటామైసిన్ నడిచినన్నాళ్లు క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చూపే రక్తపరీక్ష), మూత్రం, వినికిడి చూసుకోవాలి. క్షయ అనుమానం తేలకముందు రిఫాంపిసిన్ జోలికి అసలు వెళ్లకూడదు. క్షయ ఉండి ఇలా ఇస్తే, ఆ మందుకు లొంగని క్షయను మనమే తయారుచేసినట్టవుతుంది.

స్టెరాయిడ్ మరో మాయ. ఆక్సిజన్ అవసరమైనవారికి డెక్సామెథసోన్ రోజుకు 6 మి.గ్రా. పది రోజుల వరకు ఇస్తారు. దాంతో బ్రూసెల్లా జ్వరం, కీళ్లనొప్పులు కూడా అణగిపోతాయి. కోర్సు అయ్యాక జ్వరం తిరిగొస్తే కోవిడ్ తిరగబెట్టిందని కంగారుపడి మళ్లీ స్టెరాయిడ్ రాయకండి, ముందు కల్చర్ పంపండి.

మాత్ర మింగే దగ్గరా తప్పులు జరుగుతాయి. కోవిడ్ వచ్చినవారు చాలామంది జింకు వాడుతుంటారు. జింకు, కాల్షియం, ఐరన్, యాంటాసిడ్, పాలు డాక్సీసైక్లిన్‌ను పట్టేసుకుని రక్తంలోకి పోనివ్వవు, రెండు మూడు గంటల ఎడం ఉండాలి. గ్లాసెడు నీళ్లతో మింగి అరగంట కూర్చోవాలి. వెంటనే పడుకుంటే మాత్ర అన్నవాహికలో అతుక్కుని పుండు చేస్తుంది. రిఫాంపిసిన్ మాత్రం పరగడుపున. దానితో మూత్రం నారింజ రంగులోకి మారుతుంది, భయం లేదు. కళ్లు పచ్చబడితే మాత్రం ఆ రోజే కాలేయ పరీక్ష చేయించాలి.

కోలుకునేటప్పుడు నీరసం రెండింటిదీ ఒకేలా ఉంటుంది, దాన్ని బట్టి మందు పొడిగించకూడదు. జ్వరం, బరువు, నడుము నొప్పి చూడాలి. నొప్పి తగ్గకుండా ఉంటే వెన్నుకు ఎంఆర్‌ఐ, గుండెలో కొత్త మర్మరం (అసహజ శబ్దం) వినిపిస్తే ఎకో (గుండె స్కాన్). టైటర్లు నెలల తరబడి పాజిటివ్‌గానే ఉండొచ్చు, ఆ ఒక్క కాగితం చూసి మళ్లీ చికిత్స మొదలుపెట్టరు. తిరగబెట్టేది ఎక్కువగా మందులు ఆపిన ఆరు నెలల్లోపే. అప్పుడు కూడా మందుకు క్రిమి మొండికేసిందేమో అని ఆలోచించేముందు ఖాళీ స్ట్రిప్పులు తెప్పించి, ఆరు వారాల మాత్రలు నిజంగా అయ్యాయో లేదో లెక్కపెట్టండి.