సీసం మోసిన నేల

మంగళవారం. బయట మైనస్ 12.

సాయంత్రం సిస్టం కట్టేసి లేవబోతుంటే ఫోను. షికాగోలో సర్మాక్ రోడ్డు డేటా సెంటర్లో మా ర్యాకులో డిస్కు ఒకటి పోయిందట, వెళ్లి మార్చాలి. గ్రీన్ లైన్ రైలు దిగి పది నిమిషాల నడక. సరస్సు గాలి చెవులు కోసేస్తుంటే తలెత్తి చూసే ఓపిక ఎవరికుంటుంది! రెండేళ్లుగా తల దించుకునే లోపలికి పోతున్నాను. ఇవాళ నన్ను లోపలికి పంపమని మావాళ్లు ముందుగా టికెట్ పెట్టడం మర్చిపోయారు. ఆ పుణ్యమా అని గోడ పక్కన కాసేపు నిలబడాల్సొచ్చింది.

గోడ మీద కాల్చిన మట్టితో చేసిన డాళ్లు. ఒక్కోదాని మీద ఒక్కో ముద్ర. పాతకాలం ముద్రాపకులు తమ పుస్తకాల మీద వేసుకున్న గుర్తులట అవి. కంప్యూటర్లు పెట్టుకునే బిల్డింగుకి ఇంత సోకెందుకనుకునేవాణ్ని. ఇది కంప్యూటర్ల కోసం కట్టింది కాదు. ఆర్.ఆర్. డొన్నెల్లీ వాళ్ల ప్రెస్సు.

డిస్కు మార్చడం ఐదు నిమిషాల పని. అది మళ్లీ డేటా నింపుకునేదాకా కూర్చోవాలి. రాత్రి ఏడున్నర, అంటే తెనాల్లో పొద్దున్న ఏడు. నాన్న కాఫీ తాగుతూ ఉంటాడు. ఫోను చేశాను.

"నాన్నా, నేనిప్పుడు ప్రెస్సులో ఉన్నా."

"ఉద్యోగం పోయిందట్రా?"

నాన్న పాతికేళ్లు కంపోజిటరు. డీటీపీ వచ్చాక ప్రూఫులు చూశాడు. అక్షరాలు తలకిందులుగా పేర్చి పేర్చి, ఎదుటివాడు పట్టుకున్న పేపరు ఇవతలి నుంచే చదివేస్తాడు. హోటల్లో పక్క టేబులు వాళ్ల బిల్లు కూడా చదువుతాడు, అమ్మకి అదో తలనొప్పి.

ఫోన్లో వెతుక్కుని చదివిందంతా ఆయనకి చెప్పాను. రిచర్డ్ రాబర్ట్ డొన్నెల్లీ అనే ఆయన కెనడాలోని హామిల్టన్ నుంచి 1864లో షికాగో వచ్చి ఒక ప్రెస్సులో వాటాదారుడయ్యాడు. 1871లో ఊరు తగలబడ్డప్పుడు ప్రెస్సూ బూడిదైంది. మళ్లీ మొదటి నుంచి మొదలెట్టాడు. ఒక కొడుకు 1886లో టెలిఫోన్ డైరెక్టరీల వ్యాపారంలోకి దిగాడు, ఇంకో కొడుకు ప్రెస్సు పెంచాడు. ఈ బిల్డింగు 1912లో మొదలెట్టి విడతలు విడతలుగా 1929 దాకా కట్టారు. సియర్స్ దుకాణాల వాళ్ల కేటలాగు, ఫోను పుస్తకాలు, టైం, లైఫ్ పత్రికలు ఇక్కడే అచ్చయ్యేవి.

"ఎన్నంతస్తులు?"

"ఎనిమిది."

"మిషన్లు కిందేనా?"

"అన్ని అంతస్తుల్లోనూ అంట."

కాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు, "మేడ మీద ప్రెస్ పెట్టినవాణ్ని నేను చూళ్లేదురా. ఒక్క ట్రెడిల్ మిషను తిరిగితేనే గోడలు అదిరేవి. సీసం అక్షరాల కేసులు, కాగితం రీములు... ఆ శ్లాబు ఎవడు పోశాడో గానీ మొనగాడు."

ఇవాళ ఈ బిల్డింగు బతికి ఉండటానికి కారణం ఆ శ్లాబే. అచ్చుయంత్రాల కోసం, కాగితం గుట్టల కోసం అంత మందంగా వేశారు కాబట్టే సర్వర్లు, బ్యాటరీలు, జనరేటర్లు తెచ్చిపెట్టినా కిక్కురుమనలేదు. సుమారు 11 లక్షల చదరపు అడుగులు. మామూలు ఆఫీసు బిల్డింగైతే ఈపాటికి అపార్టుమెంట్లు అయ్యుండేది.

లైఫ్ పత్రిక సంగతి నాన్నకి బాగా నచ్చింది. 1936లో ఆ పత్రిక మొదలైనప్పుడు వచ్చిన చిక్కు, నున్నటి కాగితం మీద ఫొటోలు వేగంగా కొట్టాలి, సిరా ఆరదు. పక్క పేజీకి అంటుకుంటుంది. అందుకని అచ్చయిన కాగితాన్ని వేడిలోంచి లాగి సిరా ఆరబెట్టే పద్ధతి కుదుర్చుకున్నారు. "మేం ఫ్యాను కింద పరిచేవాళ్లం," అన్నాడు నాన్న. "శ్రావణమాసంలో శుభలేఖలు ఒకటే ముసురులో కొట్టాం ఓసారి. బంగారు రంగు. పెళ్లికొడుకు పేరు వెళ్లి పెళ్లికూతురి తండ్రి పేరు మీద పడింది."

ఇంత పెద్ద ప్రెస్సూ బతికింది కేటలాగులూ డైరెక్టరీల మీదే, అంటే ఏడాది తిరిగేసరికి చిత్తు కాగితాలయ్యే సరుకు మీద. మా ప్రెస్సులోనూ అంతే. కవిత్వం పుస్తకం వేస్తే ఓనరుకి పేరు, శుభలేఖలూ బిల్లు బుక్కులూ వేస్తే మాకు జీతాలు అనేవాడు నాన్న. డొన్నెల్లీ వాళ్లు మాత్రం 1903 నుంచి ఏటా క్రిస్‌మస్‌కి చక్కగా బైండు చేసిన పుస్తకం ఒకటి వేసి ఉద్యోగులకీ ఖాతాదారులకీ పంచేవారట. మేం క్యాలెండరు పంచేవాళ్లం, లక్ష్మీదేవిది.

1908లో పని నేర్పడానికి బడి కూడా పెట్టారంటే నాన్న నవ్వాడు. ఆయన బడి ప్రెస్సు నేలే. తుడుస్తూ, రాలిన అక్షరాలు ఏరి ఏ గడిలోది ఆ గడిలో వేస్తూ నేర్చుకున్నాడు. పొరపాటున అక్షరం మీద కాలేస్తే తీసి కళ్లకద్దుకోమనేవాళ్లట.

1993లో సియర్స్ వాళ్లు పెద్ద కేటలాగు ఆపేశారు, ఇక్కడ ప్రెస్సు మూతపడింది. మా ప్రెస్సులో సీసం కిలోల లెక్కన తూకానికి వేసింది కూడా ఇంచుమించు అప్పుడే. నాకు ఏడెనిమిదేళ్లు. నాన్న లాల్చీ జేబులో ఒక 'శ్రీ' తెచ్చి దేవుడి గూట్లో పెట్టాడు. ఇప్పటికీ అక్కడే ఉంది, కుంకుమ పేరుకుపోయి.

డొన్నెల్లీ కంపెనీ మాత్రం మూతపడలేదు. 2006లో చెన్నైలో పెద్ద ఆఫీసులున్న ఆఫీస్‌టైగర్ అనే అవుట్‌సోర్సింగ్ కంపెనీని కొన్నది, 2016లో మూడు ముక్కలైంది. ఇవన్నీ చెప్పబోతే నాన్న వినలేదు. ఆ డాళ్ల ఫొటో పంపమన్నాడు.

డిస్కు నిండేసరికి పది దాటింది. బయటికొచ్చి, చేతులు కొంకర్లు పోతున్నా గోడ దగ్గర నిలబడి సెల్ఫీ తీసి పంపాను. రైలెక్కేలోగా వాట్సాప్‌లో నాన్న గొంతు:

"ఒరే, నీ మెళ్లో కార్డు మీద మన ఇంటిపేర్లో ఒక అక్షరం లేదేంట్రా? ప్రూఫెవరు చూశారు?"

కార్డు తిప్పి చూసుకున్నాను. లేదు. రెండేళ్లుగా లేదు.