గేటు ముద్ర చాలదు: సమాధాన్‌లో పాత బాకీ వసూలు చేసుకున్న నా అనుభవం

నిన్న సాయంత్రం పాత బాకీ రాజీలో రెండో విడత డబ్బు ఖాతాలో పడింది. మొత్తం పద్నాలుగు బిల్లులు, అసలు 9,38,000 చిల్లర. సరుకు వెళ్లింది 2024 ఆగస్టుకీ 2025 జనవరికీ మధ్య. చిన్న పరిశ్రమల బాకీ కేసుల కోసం కేంద్రం పెట్టిన సమాధాన్ పోర్టల్‌లో కేసు పెట్టింది 2025 ఏప్రిల్ చివర్లో, రాజీ కుదిరింది నవంబరులో. ఆ కేసులు వినే సర్కారు కౌన్సిల్ 90 రోజుల్లో తేల్చాలని చట్టంలో ఉంది. నాకు ఏడు నెలలు పట్టింది. దీనికే బయట బెంచీ మీద కూర్చున్న తోటి షెడ్ల వాళ్లు "మీది తొందరగా తేలిందండీ" అన్నారు.

మాది ఆటోనగర్‌లో రెండు సీఎన్‌సీలు (కంప్యూటరుతో నడిచే మిషన్లు), మూడు లేత్‌లు ఉన్న షెడ్డు. పంపులకు గన్‌మెటల్ బుష్‌లు, అంటే ఇరుసు తిరిగే లోహపు గొట్టపు ముక్కలు తీస్తాం. బాకీ పడిన కంపెనీ పేరు రాయను. వాళ్లది వేరే రాష్ట్రం. కేసు వేయడానికి నేను అక్కడికి పరుగెత్తాల్సిన పని లేకపోయింది, ఎందుకంటే 2006 నాటి ఎంఎస్‌ఎంఈడీ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల) చట్టం సెక్షన్ 18 ప్రకారం సరుకు పంపినవాడు ఎక్కడుంటే అక్కడి కౌన్సిలే విచారిస్తుంది, కొన్నవాడు దేశంలో ఎక్కడున్నా సరే. పీఓ (కొనుగోలు ఆర్డరు) వెనక సన్న అక్షరాల్లో "వివాదాలు మా ఊరి ఆర్బిట్రేషన్‌లోనే" అని రాసుకున్నా చెల్లదని సుప్రీంకోర్టు 2022లోనే చెప్పింది. వాళ్ల వకీలు మొదటి వాయిదాలో ఆ పేజీ తీశాడు, రెండో వాయిదాకి మళ్లీ తేలేదు.

ఈ కేసు వేయాలంటే ఉద్యం, అంటే చిన్న పరిశ్రమగా కేంద్రం దగ్గర రిజిస్ట్రేషన్ ఉండాలి. అది ఆధార్, పాన్‌తో పావుగంట పని, ఉచితం. డబ్బులడిగే వెబ్‌సైటు ఏదైనా సర్కారుది కాదు. ఒక్కటి మాత్రం చూసుకోండి: ఉద్యం తేదీ సరుకు పంపిన తేదీ కంటే ముందుండాలి. బాకీ పడ్డాక పరుగెత్తి తీసుకున్న నంబరుతో పాత బిల్లులు అడిగితే ఎదుటివాడికి మనమే ఆయుధం ఇచ్చినట్టు. ఇంకోటి, ఈ రక్షణ సూక్ష్మ, చిన్న యూనిట్లకే ఉంది, మధ్యతరహాకు లేదు. 2025 ఏప్రిల్ 1 నుంచి చిన్న యూనిట్ అంటే యంత్రాల మీద 25 కోట్లు, టర్నోవర్ 100 కోట్లు దాటనిది. కొని అమ్మే వ్యాపారంగా ఉద్యం తీసుకున్నవాళ్లకీ ఇది వర్తించదు.

సమాధాన్ పోర్టల్‌లో ఉద్యం నంబరు, ఓటీపీ, కొనుగోలుదారు వివరాలు, బిల్లులు, పీఓలు ఎక్కించడం నాకు ఒక మధ్యాహ్నం పనైంది.

అసలు కథ సరుకుతో పాటు వెళ్లే చలాన్ల దగ్గర మొదలైంది.

బిల్లు, ఈ-వే బిల్లు, లారీ రసీదు ఉంటే సరుకు చేరినట్టే అనుకున్నాను. మొదటి వాయిదాలో కౌన్సిల్ సభ్యుడు ఒకరు నా ఫైలు తిప్పి "ఇవన్నీ మీరు పుట్టించిన కాగితాలే కదా, వాళ్లు పుట్టించిన కాగితం ఏది?" అన్నారు. పద్నాలుగింటిలో పదకొండుకి వాళ్ల స్టోర్స్ ఇచ్చిన జీఆర్ఎన్, అంటే సరుకు అందిందనే రసీదు ఉంది. మూడింటికి చలాన్ మీద గేటు సెక్యూరిటీ ముద్ర మాత్రమే ఉంది, దానిమీదే "లెక్క, నాణ్యత చూశాక" అని రబ్బరు స్టాంపు, అంటే ఇంకా ఒప్పుకోలేదని. ఆ మూడూ కలిపి 1,76,000. వాళ్ల వకీలు నవ్వుతూ, సెక్యూరిటీవాడు బండి లోపలికొచ్చిందని చెప్పగలడు గానీ పెట్టెలో బుష్‌లున్నాయో రాళ్లున్నాయో వాడికేం తెలుసన్నాడు. గదిలో ఇంకో ఇద్దరు నవ్వారు. ఇరవై రెండేళ్లుగా ముక్కలు తీస్తున్నవాణ్ని, రాళ్లు పంపేవాడిలా నిలబడ్డాను.

తప్పు నాదే, అందుకే ఇంకా మంట. ఆ మూడుసార్లూ స్టోర్స్ కుర్రాడు "సంతకం రేపు పెడతా అన్నా, సార్ లేరు" అన్నాడు. మా డ్రైవరు సరేనని వచ్చేశాడు. రేపు అన్న సంతకం ఎప్పటికీ రాదు. బండి వాళ్ల గేటు లోపల ఉన్నంతసేపే మనకి బలం, గేటు దాటి బయటికొచ్చాక లేదు.

ఆ మూడింటినీ ఎలా నిలబెట్టానో చెబుతాను, ఎవరికైనా పనికొస్తుంది. మొదటిది, అదే కుర్రాడు "350 వచ్చాయి, 400 కదా" అని వాట్సాప్ చేశాడు, మిగతా 50 మర్నాడు పంపాం. ఆ తగాదా మెసేజే రసీదయింది. రెండోదానికి వాళ్ల పర్చేజ్ మేనేజరు మార్చి 31 బాకీ ఎంతో సరిచూసుకోడానికి పంపిన మెయిల్లో ఆ బిల్లు నంబరు ఉంది. మూడోదానికి ఏమీ లేదు. అప్పుడు మా జీఎస్టీ చూసే అమ్మాయి ఒక దారి చెప్పింది. బిల్లు మనం జీఎస్‌టీఆర్-1లో (అమ్మకాల రిటర్ను) వేస్తే వాళ్ల 2బీలో (కొనుగోళ్ల పట్టీ) కనబడుతుంది. సరుకు చేతికందితే తప్ప ఇన్‌పుట్ క్రెడిట్, అంటే కొన్న సరుకు మీది పన్నుని తమ పన్నులో తగ్గించుకోవడం, తీసుకోకూడదని జీఎస్టీ చట్టమే చెబుతుంది. కాబట్టి "ఈ బిల్లు మీద ఇన్‌పుట్ తీసుకున్నారా లేదా, రాతపూర్వకంగా చెప్పమనండి" అని కౌన్సిల్‌ని కోరాను. తీసుకున్నామంటే సరుకు అందినట్టు. తీసుకోలేదంటే వాళ్ల పుస్తకాలు చూపించాలి. తర్వాతి వాయిదాకి ఆ బిల్లు మీద అభ్యంతరం వదులుకున్నారు.

ఇక రెండో దెబ్బ రిజెక్షన్. నాలుగు బిల్లుల మీద "బోరు సైజు ఎక్కువ" అని 2,10,000కి డెబిట్ నోట్ (మాకిచ్చే డబ్బులో కోత కాగితం) పెట్టారు, సరుకందిన నాలుగు నెలల తర్వాత, అదీ నేను కేసు పెట్టబోతున్నానని తెలిశాక. చట్టంలో దీనికి జవాబు సూటిగా ఉంది: సరుకందిన 15 రోజుల్లోపు రాతలో అభ్యంతరం చెప్పకపోతే అందిన రోజే ఒప్పుకున్నట్టు లెక్క. ఫోన్లో తిట్టడం అభ్యంతరం కాదు. మెయిలు కావాలి, ఉత్తరం కావాలి. వాళ్ల దగ్గర ఏదీ లేదు.

అయినా చట్టం ఒక్కదాని మీదే ఆధారపడకండి. అది 25 ఎంఎం బోరు (బుష్ లోపలి రంధ్రం), హెచ్7 కొలత, అంటే తేడా 21 మైక్రాన్ల లోపల ఉండాలి. మా షెడ్డులో ప్రతి ఇరవయ్యో ముక్కకి రంధ్రం సైజు చూసే ప్లగ్ గేజ్ వేసి రిపోర్టు రాస్తాం. ఆ రిపోర్టులన్నీ బిల్లుతో పాటే వెళ్తాయి, నకలు నా దగ్గర ఉంటుంది. ఆటోనగర్‌లో ఇంత రాసేవాళ్లు నలుగురో ఐదుగురో ఉంటారు. వాటిని బల్లమీద పెట్టి ఒకటే అడిగాను: ముక్కలు పాడైతే తిప్పి పంపాలి కదా, ఆ రిటర్న్ చలాన్ ఏది? లేదు, ఎందుకంటే ఆ బుష్‌లు అప్పటికే పంపుల్లోకెక్కి ఏ పొలంలోనో తిరుగుతున్నాయి. పైగా జీఎస్టీలో పన్ను తగ్గాలంటే సరుకు అమ్మినవాడు బిల్లు తగ్గిస్తూ క్రెడిట్ నోట్ ఇవ్వాలి. నేనివ్వలేదు. అంటే వాళ్లు డబ్బు కోసేసి, పూర్తి ఇన్‌పుట్ మాత్రం వాడుకున్నారు. ఈ మాట వినగానే కౌన్సిల్ అధ్యక్షుడు వాళ్ల వకీలు వైపు తిరిగి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆ నిశ్శబ్దం నాకు రాళ్ల మాటకి బదులు.

తర్వాత వడ్డీ లెక్క. ఇది మూడుసార్లు వెనక్కొచ్చింది. చట్టం ప్రకారం వడ్డీ రిజర్వ్ బ్యాంకు బ్యాంక్ రేటుకి మూడు రెట్లు, నెలనెలా చక్రవడ్డీ. మొదటిసారి నేను బారువడ్డీ వేశాను. 20.25 శాతం మీద లక్షకి ఏడాదికి బారువడ్డీ 20,250, నెలవారీ చక్రవడ్డీ అయితే 22,239. నష్టపోయేది నేనే అయినా లెక్క తప్పని వెనక్కిచ్చారు. రెండోసారి మొదటినుంచి చివరిదాకా ఒకే రేటు వేశాను. బ్యాంక్ రేటు 2025 ఫిబ్రవరి 7న 6.75 నుంచి 6.50కి, ఏప్రిల్ 9న 6.25కి, జూన్ 6న 5.75కి దిగింది. రేటు మారినప్పుడల్లా వేరే వరస కావాలన్నారు: 20.25, 19.50, 18.75, 17.25. మూడోసారి బిల్లు తేదీ నుంచి లెక్కపెట్టానని తిప్పి పంపారు. లెక్క మొదలయ్యేది సరుకందిన తేదీ నుంచి. గడువు రాసుకోకపోతే 15 రోజులు. రాసుకుంటే ఆ గడువే, కానీ ఎంత రాసుకున్నా 45 రోజులు దాటదు. వాళ్ల పీఓలో 60 ఉన్నా 45 కిందే లెక్క. ఉదాహరణకి సరుకు సెప్టెంబరు 7న అందితే అక్టోబరు 22తో గడువు ముగుస్తుంది, 23 నుంచి వడ్డీ నడుస్తుంది. మధ్యలో వాళ్లు వేసిన లక్షన్నరని ఏ బిల్లుకని చెప్పకుండా వేశారు. దాన్ని అన్నిటికంటే పాత బిల్లులో తీసేశాను, ఎవరూ కాదనలేదు. ఒక్కో బిల్లుకి ఒక్కో షీటు వేసుకోండి. పద్నాలుగూ ఒకే షీటులో పెడితే చూసేవాళ్లకి విసుగు, విసుగొస్తే వాయిదా.

"శాతం ఇస్తే చూసుకుంటాం" అని కౌన్సిల్ గేటు దగ్గర తిరిగే కన్సల్టెంట్లకి ఇవ్వకండి. వాళ్లు చేసేది ఈ షీటే, అదీ తప్పుగా. నాకు మొదటి బారువడ్డీ షీటు చేసిపెట్టిన మహానుభావుడు నాలుగు వేలు తీసుకున్నాడు.

వాళ్లని నిజంగా కదిలించింది కౌన్సిల్ నోటీసు కాదు. బిల్లు తేదీ నుంచి 180 రోజుల్లో డబ్బు చెల్లించకపోతే తీసుకున్న ఇన్‌పుట్‌ని వడ్డీతో వెనక్కి కట్టాలని జీఎస్టీలో ఉంది. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టం సెక్షన్ 43బీ(హెచ్) కింద గడువు దాటిన మన బాకీని ఆ ఏడాది ఖర్చుగా చూపలేరు. గడువు దాటినందుకు కట్టే వడ్డీ ఎప్పటికీ ఖర్చు కిందికి రాదు. ఈ మూడూ ఒకే పేజీలో రాసి వాళ్ల అకౌంట్స్ హెడ్‌కీ ఆడిటర్‌కీ రిజిస్టర్డ్ పోస్టులో పంపాను. ఆరు నెలలు ఫోనెత్తని మనిషి నాలుగో రోజు తనే చేశాడు. పర్చేజ్‌వాళ్లకి మన బాధ ఎక్కదు, పన్ను భయం ఉండేది అకౌంట్స్‌కి. ఈ 43బీ(హెచ్) వచ్చాక కొన్ని పెద్ద కంపెనీలు చిన్నవాళ్లని "ఉద్యం తీసేసుకుంటే ఆర్డరిస్తాం" అంటున్నాయి. తీసేయకండి. తీసేస్తే ఆర్డరు నిలుస్తుందని ఎవరూ రాసివ్వరు.

రాజీలో అసలు మొత్తం వచ్చింది, వడ్డీలో సగం వదులుకున్నాను. అవార్డు, అంటే కౌన్సిల్ తీర్పు దాకా వెళ్తే మొత్తం వచ్చేదేమో. దాన్ని కోర్టులో సవాలు చేయాలన్నా వాళ్లు 75 శాతం ముందు జమ చేయాలి. కానీ ఆ తర్వాత అమలు పిటిషనూ నేనే వేసుకోవాలి, నాకు గన్‌మెటల్ అప్పిచ్చిన షాపువాడు అంతదాకా ఆగడు. రాజీ కాగితంలో ఒక్క వాక్యం మాత్రం పట్టుబట్టి రాయించాను: రెండో విడత తేదీ దాటితే వదులుకున్న వడ్డీ మొత్తం తిరిగి లేస్తుందని. రెండో విడత ఒకరోజు ముందే పడింది.

ఇప్పుడు మా డ్రైవరు చేతిలో మూడు కాపీల చలాన్ ఉంటుంది. సంతకం, పేరు, తేదీ, సంఖ్య నాలుగూ పడేదాకా బండి అక్కడే. సంతకం పెట్టకపోతే అక్కడినుంచే ఫోటో తీసి స్టోర్స్, పర్చేజ్, అకౌంట్స్ ముగ్గురికీ మెయిలు వెళ్తుంది.

అదే కంపెనీ నుంచి సోమవారం కొత్త పీఓ వచ్చింది, 600 బుష్‌లకి. పేమెంట్ దగ్గర మళ్లీ 60 రోజులనే ఉంది. 45కి మార్చి పంపమని మెయిలు పెట్టాను. జవాబు ఇంకా రాలేదు.