అక్క గొంతు వచ్చింది, మాటలు రాలేదు

పోయినేడు కార్తీకంలో ఒకరోజు పొద్దున్నే, కత్తెర కుడిచేతిలో ఉంది కాబట్టి ఎప్పట్లాగే ఫోను ఎడమ చెవికి పెట్టా, అవతల ఏమీ లేదు. కట్టయిందేమో అనుకుని మళ్లీ చేశా, అంతే. కుడి చెవికి మారిస్తే మా అక్క అరుస్తా ఉంది, ఏందే పలకవు అని.

మాది కావలి, ఇంట్లోనే టైలరింగ్ చేస్తా. మెడికల్ షాపులో అడిగితే గుబిలి అయ్యుంటదిలేమ్మా అని చుక్కల మందు ఇచ్చారు, నాలుగు రోజులు వేసుకున్నా. ఆ నాలుగు రోజులు తల్చుకుంటే ఇప్పటికీ ఏడుపొస్తది. చెవిలో కుక్కర్ ఆవిరి పోతున్నట్టు స్స్ అని ఒకటే మోత, మా ఆయన పిలిస్తే ఏ గదిలోనుంచో తెలీదు, ఇల్లంతా తిరిగి చూసేదాన్ని.

ఐదో రోజు నెల్లూరు పొయ్యాం. ఈఎన్‌టీ డాక్టర్ శృతిదండం, స్కూల్లో చదువుకున్నామే అదే, మోగించి నా నుదుటి మీద ఆనించి ఎటు వినపడతా ఉందమ్మా అన్నారు. కుడివైపు అన్నా. గుబిలి అడ్డం ఉంటే ఆ మూసుకున్న చెవిలోనే గట్టిగా మోగాలి, ఇది లోపలి నరం సంగతి, ఇన్ని రోజులు ఎందుకాగారు అన్నారు. అందుకే చెప్తున్నా, ఉన్నట్టుండి ఒక చెవి పోతే ఆ రోజే డాక్టర్ దగ్గరికి పోండి, చుక్కలు వేసుకుంటా కూర్చోబాకండి.

తర్వాత అద్దాల గదిలో కూర్చోబెట్టి టెస్టు. కాగితం మీద కుడి చెవికి ఎర్ర సున్నాలు, పైన వరసగా ఉన్నాయి. ఎడమ చెవికి నీలం ఇంటూ గుర్తులు, అన్నీ కింద పడిపోయి ఉన్నాయి. గుర్తు ఎంత కిందుంటే వినికిడి అంత తక్కువని లెక్క. టెస్టు చేసినమ్మాయి ఓపిగ్గా చెప్పింది. మనిషి చెవి 20 హెర్ట్జ్ నుంచి 20,000 దాకా వింటదంట (ఈ అంకె పెరిగేకొద్దీ శబ్దం కీచుగా ఉంటది), వయసు పెరిగేకొద్దీ కీచు వైపు నుంచి తరుగుతా వస్తదంట, టెస్టులో మాత్రం 250 నుంచి 8,000 దాకా చూస్తారు, మన మాటలకి కావాల్సింది దాదాపు అందులోనే ఉంటది కాబట్టి. లోపల నత్తగుల్ల లాంటిది ఉంటది, దాని మొదట్లో సన్నటి కీచు శబ్దాలు, చివర చుట్టలో బొంగురు శబ్దాలు పట్టుకునే కణాలు ఉంటాయి, అవి చచ్చిపోతే మళ్లీ పుట్టవు అంది.

స్టెరాయిడ్ మాత్రలు, మధ్యలో షుగర్ టెస్టులు, గడ్డేమన్నా ఉందేమోనని ఎంఆర్ఐ (లేదు, దేవుడి దయ), కర్ణభేరి గుండా మూడు ఇంజెక్షన్లు. కారణం దొరకలేదు, చాలామందికి దొరకదంట.

పదో రోజు ఫ్రిజ్ గుర్ర్‌మనేది ఎడమవైపు వినపడింది. ఆ సాయంత్రమే అక్కకి ఫోన్ చేసి ఎడమ చెవికి పెట్టుకున్నా. గొంతు వచ్చింది, మాటలు రాలేదు. అక్క "కాసేపాగి చేస్తా" అంటే నాకు ఆ-ఏ-ఆ-ఇ-ఏ-ఆ అని వచ్చింది, నోట్లో గుడ్డ కుక్కుకుని మాట్లాడినట్టు. అచ్చులు బొంగురు వైపు శబ్దాలంట, స, చ, త లాంటివి కీచు వైపు ఉంటాయంట, నాకు కీచువి ఇంకా రాలేదు. అయినా అక్క గొంతే కదా, ఏడ్చేశా.

మూడు నెలలకి 4,000 దాకా ఇంటూలు పైకొచ్చి సున్నాల పక్కన చేరాయి. 6,000, 8,000 దగ్గర రెండు మాత్రం కిందే ఉండిపోయాయి. ఇప్పుడు ఫోన్‌లో అక్క మాటలన్నీ అర్థమవుతున్నాయి.

ఈ ఏడు వానలు మొదలయ్యాక పెరట్లో కరివేపాకు చెట్టు కింద కీచురాళ్లు మొదలెట్టాయి. కుడి చెవి దిండుకి ఆనించి పడుకుంటే చాలా మటుకు ఆగిపోతాయి, ఇటు తిరిగితే మళ్లీ వస్తాయి. ఎడమవైపు కొంచెమన్నా పెరిగిందేమో అని రోజూ రాత్రి ఒకసారి అటూ ఇటూ తిరిగి చూసుకుంటా.