కొరింథులో కొట్ల వరస

ఏథెన్స్ నుంచి ట్రైన్‌లో గంట పైనే పట్టింది, కొత్త కొరింథు స్టేషన్లో దిగి టాక్సీ పట్టుకుని పాత ఊరి శిథిలాల దగ్గరకి వెళ్లాను. అపొల్లో గుడివి ఏడు స్తంభాలు నిలబడున్నాయి, వెనకాల పెద్ద కొండ, అందరూ అక్కడే ఫోటోలు దిగుతున్నారు. నేనొచ్చింది మాత్రం కొట్లు చూడ్డానికి.

మా నాన్న టైలర్, మా పల్లెలో పాస్టర్ కూడా. శనివారం రాత్రి దాకా మిషన్ తొక్కుతూ మధ్యమధ్యలో ఆపి బైబిల్ తిప్పి రేపటి వాక్యం చూసుకునేవారు. దైవసేవకుడు జాకెట్లు కుట్టడమేంటి అని అన్నవాళ్లున్నారు, నాన్న బైబిల్లో అపొస్తలుల కార్యములు అనే పుస్తకం 18వ అధ్యాయం తీసి చూపించి మళ్లీ పనిలో పడిపోయేవారు.

ఆ అధ్యాయం ఈ ఊరిదే. క్లౌదియ చక్రవర్తి యూదుల్ని రోమ్ నుంచి వెళ్లగొడితే అకుల, ప్రిస్కిల్ల ఇక్కడికొచ్చారు, వాళ్లది డేరాలు కుట్టే పని, యేసు సువార్త చెబుతూ ఊరూరా తిరిగిన అపొస్తలుడు పౌలుదీ అదే కాబట్టి వాళ్లింట్లోనే దిగి కలిసి పనిచేశాడు, ఏడాదిన్నర ఈ ఊళ్లో ఉన్నాడు. తోలు డేరాలా, మేకబొచ్చు గుడ్డవా అని పండితులు ఇంకా వాదించుకుంటున్నారు గానీ ఏదైనా నడుం వంచి చేసే పనే. అప్పట్లో పెద్దింటివాళ్లకి చేతిపనంటే చిన్నచూపు. నాకు బాగా నచ్చేదేంటంటే, సువార్త చెప్పేవాడికి సంఘం తిండి పెట్టాలి, అది మా హక్కు అని పౌలే కొరింథీయులకి రాసి, ఆ హక్కు నేను వాడుకోలేదు అంటాడు. ఉత్తరాన ఉన్న మాసిదోనియ నుంచి సహోదరులు తెచ్చింది తీసుకున్నాడు గానీ ఈ ఊరివాళ్ల మీద భారం పడనివ్వలేదు.

రోమన్ గవర్నరు గల్లియోను ముందు పౌల్ని నిలబెట్టిన న్యాయపీఠం రాళ్లు చూశాక, కమాను కప్పు మిగిలిన ఒక కొట్టు ముందు ఆగాను. పౌలు కూర్చున్నది ఇందులోనే అని ఎవరూ చెప్పలేరు, అయినా కదలబుద్ధి కాలేదు. నాన్నకి వీడియో కాల్ చేసి చూపించాను. చాలాసేపు చూసి, "వెలుతురు ఎటునుంచి వస్తుందమ్మా?" అన్నారు.

"ముందు నుంచే నాన్నా."

"మరి రాత్రింబగళ్లు పనిచేశామని థెస్సలొనీకయులకి రాశాడుగా. దీపం పెట్టుకుని నల్లగుడ్డ కుట్టాలంటే కళ్లు పోతాయి," అన్నారు.